"ఏ కొండరా తవ్వుతున్నారు?" – నెట్‌వర్క్ పేర్ల గురించి నాలుగు మాటలు

పోస్ట్ కొంచెం పెద్దదే. బీటెక్, ఎంసీఏ, డిగ్రీ కంప్యూటర్స్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం చివరిదాకా చదవండి. మిగతావాళ్లు కూడా చదవొచ్చు. ఇందులో లెక్కలు లేవు, కోడ్ లేదు. పేర్ల గురించి ఒక గొడవ ఉంది, అంతే.

ముందు పోయిన సంక్రాంతికి ఇంటి దగ్గర జరిగింది చెప్తాను. మాది అనంతగిరి మండలం. ఫైనలియర్ సెమినార్‌కి నేను బిట్‌కాయిన్ టాపిక్ తీసుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడితేనే కాస్త సిగ్నల్ వస్తుంది కాబట్టి అక్కడే నిలబడి ఫ్రెండ్‌తో గట్టిగా మాట్లాడుతున్నా. "మైనింగ్ ఎవరు ముందు చేస్తే వాళ్లకే, మైనింగ్ ఆగితే మొత్తం ఆగిపోద్ది" అని ఏదో చెప్తున్నా. పొయ్యి దగ్గర కూర్చున్న మా నాన్నమ్మ చేతిలో పని ఆపేసి అడిగింది: "ఏ కొండరా తవ్వుతున్నారు? మనదేనేటి?"

ఫోన్‌లో ఫ్రెండ్ నవ్వాడు, నేనూ నవ్వాను. నాన్నమ్మ నవ్వలేదు. మా వైపు ఆ మాటకి ఒకటే అర్థం. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మా మండలం ఊళ్ల నుంచి పుట్టిన కేసే. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు చెల్లవు అని చెప్పిన తీర్పు అది. మా పెద్దవాళ్లు 'మైనింగ్' అనే ఇంగ్లీష్ మాట నేర్చుకున్నది పుస్తకంలో కాదు, జీపులు కొండెక్కినప్పుడు.

సరే, కంప్యూటర్‌లో మైనింగ్ అంటే ఏంటో చెప్దామని నాన్నమ్మ పక్కన కూర్చున్నా. "అది తవ్వడం కాదు నాన్నమ్మా. ఎవరు ఎవరికి ఎంత పంపారో రాసే ఒక పెద్ద పద్దు పుస్తకం ఉంటది. వేల కంప్యూటర్ల దగ్గర అదే పుస్తకం కాపీ ఉంటది. కొత్త పేజీ ఎవరు రాయాలి అనేదానికి పోటీ పెడతారు. కంప్యూటర్లు ఒక అంకె కోసం ఊహిస్తూ పోతాయి. ముందు ఎవరికి దొరికితే వాళ్లు పేజీ రాస్తారు, వాళ్లకి బహుమానంగా కొత్త నాణేలు వస్తాయి." అంతా విని నాన్నమ్మ అంది: "మరి అది కరణం పని కదరా. తవ్వకం అంటారేటి?"

నాలుగేళ్ల చదువులో నాకు తట్టని ప్రశ్న అది. నిజంగానే అది కరణం పని. పద్దు రాయడం, పద్దుని కాపాడడం. 2008లో సతోషి నకమోటో పేరుతో వచ్చిన బిట్‌కాయిన్ పేపర్‌లో కొత్త నాణేలు పుట్టడాన్ని బంగారం తవ్వేవాళ్ల శ్రమతో పోల్చారు. ఆ పోలికే పేరుగా స్థిరపడిపోయింది. దాంతో వచ్చే బహుమానం పేరులో కనపడుతోంది, చేసే అసలు పని కనపడట్లేదు. సెమినార్‌లో నన్ను "మైనింగ్ ఆగితే పాత లావాదేవీలు ఏమవుతాయి" అని అడిగితే నేను తడబడ్డాను. మైనింగ్ అంటే నాణేలు తీయడం అనే నా బుర్రలో ఉంది మరి. 'పద్దు రాయడం' అని ఉంటే జవాబు దానంతట అదే వచ్చేది: పాత పేజీలు ఉంటాయి, కొత్త పేజీ రాసేవాళ్లే ఉండరు.

ఈ పోస్టులో నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. డీసెంట్రలైజ్డ్ నెట్‌వర్క్‌ల సబ్జెక్టులో చాలా పేర్లు ఆ వస్తువు ఏం చేస్తుందో చెప్పవు. దాన్ని కట్టినవాళ్లు ఏం ఆశపడ్డారో, లేదా ఏం అమ్ముదామనుకున్నారో చెప్తాయి. ఆ తేడా వల్ల ఎక్కువ నష్టపోయేది మనలాంటి మొదటి తరం చదువుకున్నవాళ్లే.

మనమే ఎందుకు అంటారా? ఇంట్లో మనం మాట్లాడేది ఒక భాష. బడిలో తెలుగు. కాలేజీకి వచ్చేసరికి ఇంగ్లీష్. ఒక మాట మన దగ్గరికి వచ్చేసరికి రెండు గడపలు దాటి వస్తుంది. నగరంలో పెరిగిన పిల్లాడికి ఇంట్లో అన్నో, బాబాయో సాఫ్ట్‌వేర్‌లో ఉంటారు. పేరు తప్పుదోవ పట్టిస్తే "అది అలా కాదురా" అని భోజనం దగ్గరే సరిచేస్తారు. మనకి ఆ మనిషి లేడు. మనకి దొరికేది పేరు మాత్రమే. పేరులోంచే అర్థం పిండుకుంటాం. పేరు అబద్ధమైతే మన అర్థం కూడా అబద్ధమవుతుంది, కానీ తప్పు మనదే అనుకుని నోరు మూసుకుంటాం.

ఇది మనకి కొత్త కూడా కాదు. మన ప్రాంతాన్ని అందరూ 'ఏజెన్సీ' అంటారు. ఎప్పుడైనా ఆలోచించారా ఎందుకని? 1839లో బ్రిటిష్‌వాళ్లు గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలని మామూలు చట్టాల నుంచి విడదీసి, గవర్నర్ ఏజెంటుగా కలెక్టర్ చేతిలో పెట్టారు. ఏజెంటు పాలించేది కాబట్టి ఏజెన్సీ. ఆ పేరు అక్కడ ఎవరు బతుకుతున్నారో చెప్పదు, ఎవరు ఏలారో చెప్తుంది. పేరు పెట్టినవాడి కిటికీలోంచే పేరు పుడుతుంది. టెక్నాలజీలో కూడా అంతే.

ఇక అసలు గొడవలోకి వస్తా. మొట్టమొదటి మాటే తీసుకోండి: 'డీసెంట్రలైజ్డ్'.

1964లో అమెరికాలో ర్యాండ్ సంస్థలో పనిచేసే పాల్ బేరన్ అనే ఇంజినీరు మూడు బొమ్మలు గీశాడు. అణుదాడి జరిగినా తెగిపోకుండా ఉండే టెలికాం నెట్‌వర్క్ ఎలా ఉండాలి అనేది ఆయన ప్రశ్న. మొదటి బొమ్మ సెంట్రలైజ్డ్: మధ్యలో ఒకటే బొడ్రాయి, అన్ని దార్లూ అక్కడికే. రెండోది డీసెంట్రలైజ్డ్: నాలుగైదు పెద్ద ఊళ్లు, వాటి చుట్టూ చిన్న పల్లెలు. మూడోది డిస్ట్రిబ్యూటెడ్: చేపల వల లాగా, ప్రతి ముడీ పక్క ముడులతో కలిసి ఉంటుంది, పెద్ద ఊరు అంటూ లేదు. బేరన్ లెక్కలో డిస్ట్రిబ్యూటెడ్ అనేది డీసెంట్రలైజ్డ్ కన్నా ఒక మెట్టు పైన.

ఇప్పుడు మన సిలబస్‌లో 'డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్' అనే పేపర్ ఉంది. అందులో డిస్ట్రిబ్యూటెడ్ అంటే పని చాలా కంప్యూటర్ల మధ్య పంచడం, బయటివాళ్లకి మాత్రం ఒకటిగా కనపడడం. ఒక పెద్ద కంపెనీకి పది దేశాల్లో డేటా సెంటర్లు ఉంటే అది డిస్ట్రిబ్యూటెడే. కానీ మొత్తం ఒక్క కంపెనీ చెప్పుచేతల్లోనే ఉంటుంది. బ్లాక్‌చెయిన్ వాళ్లు వచ్చి ఇంకో వాడుక తెచ్చారు. వాళ్లకి డీసెంట్రలైజ్డ్ అంటే ఎవరి పెత్తనమూ లేనిది. అంటే బేరన్ దగ్గర కింద మెట్టు మీద ఉన్న మాట, వీళ్ల దగ్గర పై మెట్టు ఎక్కింది.

మన సీనియర్ అన్న ఒకాయన ఒక క్యాంపస్ ఇంటర్వ్యూలో ఇక్కడే దెబ్బతిన్నాడు. "బ్లాక్‌చెయిన్ డీసెంట్రలైజ్డా, డిస్ట్రిబ్యూటెడా?" అని అడిగారు. అన్న బేరన్ మూడు బొమ్మలు గీసి, వలలా ఉంటుంది కాబట్టి డిస్ట్రిబ్యూటెడ్ అన్నాడు. ఆ మనిషి తల అడ్డంగా ఊపి "బేసిక్స్ చూసుకోవాలి" అన్నాడట. అన్న బేసిక్స్ సరిగ్గానే ఉన్నాయి. ఇద్దరూ ఒకే మాటని రెండు అర్థాల్లో వాడారు. కానీ టేబుల్‌కి అటువైపు కూర్చున్నవాడి అర్థమే చెల్లింది. బయటికొచ్చాక అన్న మాతో అన్నది "నాకు రాదురా" అని. అది వినే నాకు ఈ పోస్ట్ రాయాలనిపించింది.

ఎథీరియం మొదలుపెట్టిన విటాలిక్ బ్యూటెరిన్ కూడా 2017లో ఇదే గొడవ మీద ఒక వ్యాసం రాశాడు. ఆ మూడు బొమ్మలు ఇప్పుడు సరిపోవు, ఒక్క ప్రశ్నని మూడుగా విడగొట్టాలి అన్నాడు. యంత్రాలు ఎన్ని? పెత్తనం ఎంతమంది చేతుల్లో ఉంది? మొత్తం కలిసి ఒకే వస్తువులా నడుస్తుందా? ఈ లెక్కన బ్లాక్‌చెయిన్‌కి యంత్రాలు చాలా, పెత్తనం చాలామందిది, కానీ పద్దు మాత్రం అందరికీ ఒకటే, అంటే మూడో లెక్కలో అది సెంట్రలైజ్డ్. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే తమ్ముళ్లూ, ఒక్క మాటలో జవాబు చెప్పకండి. "ఏ అర్థంలో అడుగుతున్నారు సార్, యంత్రాల లెక్కా, పెత్తనం లెక్కా?" అని అడగండి. అది తెలియకపోవడం కాదు, తెలిసినవాడే అలా అడుగుతాడు.

తెలుగులోకి తెస్తే తేలికవుతుందా అంటే అదీ లేదు. 'వికేంద్రీకరణ' అంటే మన పేపర్లు చదివినవాళ్లకి రాజధానుల గొడవ గుర్తొస్తుంది. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన చట్టం పేరులోనే ఆ మాట ఉంది కదా. పంచాయతీరాజ్ పాఠం చదివినవాళ్లకి గ్రామసభ గుర్తొస్తుంది. నెట్‌వర్క్ ఎవరికీ గుర్తురాదు. సంస్కృతం మాటల్ని కుట్టి కొత్త పేరు పెట్టినంత మాత్రాన అర్థం రాదు. మనకి అది ఇంగ్లీష్ అంత దూరమే.

కానీ ఒక్కోసారి మన మధ్య తిరిగే మాట చక్కగా అతుకుతుంది. 'ఫెడరేటెడ్' చూడండి. మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్ 2016లో వచ్చింది. దాన్ని ఫెడరేటెడ్ అంటారు. తలగోక్కోవాల్సిన పని లేదు. మన అమ్మల సమాఖ్య చూశారు కదా. ఊళ్లో ఒక్కో సంఘానికి దాని పుస్తకం దానిదే, లీడర్ వేరే, నియమాలు కొంచెం వేరే. కానీ అన్నీ కలిసి సమాఖ్య. ఒక సంఘం మూతపడినా మిగతావి నడుస్తాయి. మాస్టడాన్‌లో ఒక్కో సర్వరూ ఒక్కో సంఘం. ఆ సర్వర్‌ని వాళ్లు చాలాకాలం 'ఇన్‌స్టెన్స్' అనేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లకి ఆ మాట అస్సలు ఎక్కలేదు. పైగా 'ఫెడరేటెడ్ టైమ్‌లైన్' అని ఒకటి ఉండేది. పేరు చూస్తే మొత్తం ప్రపంచంలో పోస్టులన్నీ అక్కడ కనపడతాయి అనిపిస్తుంది. నిజానికి మీ సర్వర్‌కి ఇప్పటిదాకా పరిచయమైన సర్వర్ల నుంచి వచ్చినవే కనపడతాయి. మీ సంఘానికి తెలిసిన సంఘాల కబుర్లు, అంతే.

పరీక్షల్లో మార్కులు పోయే పేరు ఇంకొకటి: 'కన్సిస్టెన్సీ'. డీబీఎంఎస్‌లో యాసిడ్ అని నేర్చుకుంటాం, అందులో సీ అంటే కన్సిస్టెన్సీ. తర్వాత క్యాప్ థియరం వస్తుంది, అందులోనూ సీ అంటే కన్సిస్టెన్సీ. ఒకటే అనుకుని రాసేస్తాం. రెండూ వేరు. మన జీసీసీ డిపోలు రెండు ఉన్నాయనుకోండి, ఒక కార్డు మీద ఏ డిపోలోనైనా బియ్యం తీసుకోవచ్చు అనుకోండి. "ఏ కార్డుకీ కోటా కన్నా ఎక్కువ పోకూడదు" లాంటి నియమం తప్పకుండా ఉండడం యాసిడ్‌లో కన్సిస్టెన్సీ. "ఇక్కడ రాసిన మరుక్షణం అక్కడి రిజిస్టర్‌లో కూడా అదే కనపడాలి" అనేది క్యాప్‌లో కన్సిస్టెన్సీ. ఒకటి నియమం గురించి, ఇంకొకటి రెండు కాపీలు ఒకేలా ఉండడం గురించి.

క్యాప్ గురించే ఇంకో మాట. "కన్సిస్టెన్సీ, అవైలబిలిటీ, పార్టిషన్ టాలరెన్స్, ఈ మూడింటిలో ఏవైనా రెండు ఎంచుకోవచ్చు" అని నోట్సులో ఉంటుంది. 2000లో ఎరిక్ బ్రూయర్ ఈ ఆలోచన ముందుపెట్టాడు, 2002లో గిల్బర్ట్, లించ్ దాన్ని నిరూపించారు. 2012లో బ్రూయరే మళ్లీ రాశాడు, ఆ 'మూడింటిలో రెండు' అనే మాట తప్పుదోవ పట్టిస్తోంది అని. ఎందుకో మనకి వెంటనే తెలుస్తుంది. పార్టిషన్ అంటే ఏంటి? సిగ్నల్ పోవడం. సిగ్నల్ పోవాలా వద్దా అని మనల్ని ఎవరైనా అడిగారా? వానాకాలం వస్తే పోతుంది. ఎంచుకునేది అది పోయాకే: రిజిస్టర్ కలవలేదు కాబట్టి బియ్యం ఇవ్వడం ఆపేస్తావా, లేక తేడా వస్తే తర్వాత చూసుకుందాం అని ఇచ్చేస్తావా? అంతే క్యాప్. ఆకలితో లైన్లో నిలబడినవాళ్లకి ఈ థియరం బాగా తెలుసు, పేరు ఒక్కటే తెలీదు.

'దగ్గర' అనే మాట కూడా అంతే. టొరెంట్లలో వాడే కడేమ్లియా అనే పద్ధతిలో ప్రతి కంప్యూటర్‌కీ ఒక పెద్ద అంకె పేరుగా ఉంటుంది. "దగ్గరి నోడ్‌ని అడుగు" అంటారు. అరకులో ఉన్న కంప్యూటర్‌కి దగ్గరిది పాడేరులో ఉండాలి అనుకుంటాం కదా. కాదు. రెండు అంకెల మీద ఎక్సార్ చేస్తే వచ్చేదే ఆ దూరం. దగ్గరి నోడ్ బ్రెజిల్‌లో ఉండొచ్చు. ఘాట్ రోడ్డుతో సంబంధం లేదు.

ఇప్పటిదాకా చెప్పినవి మార్కులు పోయే పేర్లు. ఇక డబ్బు పోయే పేర్లు చెప్తాను.

'సీడ్' అంటే విత్తనం. టొరెంట్లలో సీడర్ అంటే ఫైలు మొత్తం తన దగ్గర ఉంచుకుని అడిగినవాళ్లకల్లా పంచేవాడు. చాలా మంచి పేరు. విత్తనం దాచుకునేది పంచడానికే కదా. క్రిప్టో వాలెట్‌లో కూడా 'సీడ్ ఫ్రేజ్' ఉంటుంది. మామూలుగా 12 లేదా 24 మాటలు. అది మాత్రం ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకూడనిది. ఒకచోట పంచడమే ధర్మం, ఇంకోచోట పంచితే సర్వనాశనం. పేరు ఒకటే.

హాస్టల్‌లో మా పక్క రూమ్ తమ్ముడు ఇలాగే పోగొట్టుకున్నాడు. ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన ఆరు వేలు పెట్టి ఏదో కాయిన్ కొన్నాడు. వాలెట్ యాప్ పనిచేయట్లేదని ఎక్కడో అడిగితే, సపోర్ట్ వాళ్లం అంటూ ఒకడు మెసేజ్ చేసి ఆ 12 మాటలు అడిగాడు. వీడు ఇచ్చేశాడు. పది నిమిషాల్లో ఖాళీ. తర్వాత నా దగ్గరికొచ్చి "అన్నా, కస్టమర్ కేర్ నంబర్ చెప్పు, బ్లాక్ చేయిస్తా" అన్నాడు. నంబర్ లేదురా అంటే నమ్మలేదు. ఫోన్‌లో వాలెట్ అంటే వాడికి తెలిసింది వేరే. దాని వెనక ఒక కంపెనీ, ఒక ఆఫీసు, ఫిర్యాదు చేస్తే వినే మనిషి. పేరు అదే కాబట్టి ఇక్కడా ఉంటారనుకున్నాడు.

అసలు ఆ వాలెట్‌లో డబ్బు ఉండదు. నాణేలన్నీ పద్దులో ఉంటాయి, వేల కంప్యూటర్లలో. వాలెట్‌లో ఉండేది తాళంచెవి. 'పర్సు' అని కాకుండా 'తాళాల గుత్తి' అని పేరు పెట్టి ఉంటే మా తమ్ముడు ఆ 12 మాటలు ఇచ్చేవాడా? ముక్కూమొహం తెలియనివాడికి ఇంటి తాళం ఎవరిస్తారు? ఆరు వేలు కొందరికి పెద్ద మొత్తం కాకపోవచ్చు. వాడు ఆ డబ్బుతో చెల్లికి ఫీజు కడదామనుకున్నాడు.

'ట్రస్ట్‌లెస్' అనే మాట ఇంకా విచిత్రం. దీన్ని తెలుగులో 'నమ్మకం లేని' అంటే ఏమవుతుంది? "వాడు నమ్మకం లేని మనిషి" అంటే మోసగాడనే కదా మన భాషలో. వాళ్లు చెప్పదలుచుకుంది వేరు: ఏ ఒక్కడినో నమ్మాల్సిన పని లేకుండా నడుస్తుంది అని. అది కూడా సగమే నిజం. కంప్యూటర్ బలంలో ఎక్కువ భాగం నిజాయితీపరుల చేతిలో ఉంటుంది అని నమ్మాలి. బిట్‌కాయిన్ పేపర్‌లోనే ఆ షరతు ఉంది. కోడ్ రాసినవాళ్లని నమ్మాలి, మన ఫోన్‌లో యాప్‌ని నమ్మాలి. నమ్మకం పోలేదు, చోటు మారింది.

ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే 2016లో ఎథీరియం మీద జరిగింది చూడండి. 'ది డావో' అని ఒక నిధి పెట్టారు. ఆ పేరు విడగొడితే డీసెంట్రలైజ్డ్, అటానమస్ ఆర్గనైజేషన్. అంటే యజమాని లేని, తనంతట తనే నడిచే సంస్థ. దాన్ని నడిపేవి 'స్మార్ట్ కాంట్రాక్ట్'లు. జూన్‌లో ఆ కోడ్‌లో ఉన్న లోపం పట్టుకుని ఎవరో సుమారు 36 లక్షల ఈథర్ లాగేశారు. కాంట్రాక్ట్ ఎంత స్మార్ట్ అంటే, దొంగకి అడ్డు చెప్పలేదు, రాసినట్టే నడిచింది. అప్పుడు ఏం చేశారు? మనుషులు కూర్చుని వాదించుకున్నారు. జూలైలో నెట్‌వర్క్ నియమాలనే మార్చి డబ్బు వెనక్కి తెచ్చారు. ఒప్పుకోనివాళ్లు పాత దాన్నే పట్టుకుని ఎథీరియం క్లాసిక్‌గా విడిపోయారు. అటానమస్ అన్నదాని వెనక మనుషులు ఉన్నారని ఆ రోజు తేలింది. మనుషులు ఉండడం తప్పని నేను అనట్లేదు. లేరని పేరులో చెప్పడం తప్పంటున్నా. 2018లో బ్యూటెరిన్ కూడా, స్మార్ట్ కాంట్రాక్ట్ అనే పేరు వాడినందుకు బాధపడుతున్నా, ఏదో చప్పటి టెక్నికల్ పేరు పెట్టాల్సింది అన్నాడు. వాడినవాళ్లే ఒప్పుకుంటున్నారు కాబట్టి మనం సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చివరిగా మన గ్రూప్‌కి నేరుగా తగిలే విషయం. మన పెద్దవాళ్ల పాటలు, కథలు రికార్డు చేసి దాచాలని మనలో చాలామందికి ఉంది. మంచి ఆలోచన. "ఐపీఎఫ్ఎస్‌లో పెడదాం, అక్కడ పెడితే శాశ్వతం" అని ఒక చెల్లి అంది. తప్పు చెల్లిది కాదు, దాన్ని 'పర్మనెంట్ వెబ్' అని చెప్పుకుంటూ వచ్చారు. అక్కడ మారనిది చిరునామా మాత్రమే. ఫైలులో ఉన్నదాని నుంచే చిరునామా పుడుతుంది కాబట్టి ఆ చిరునామాకి ఇంకో ఫైలు రాదు. కానీ ఆ ఫైలుని ఏదో ఒక కంప్యూటర్ పట్టుకుని ఉండాలి. దాన్నే 'పిన్' చేయడం అంటారు. ఎవరూ పట్టుకోకపోతే చిరునామా ఉంటుంది, ఇల్లు ఉండదు. ముసలమ్మ గొంతు ఒక్కసారి పోతే మళ్లీ రికార్డు చేయడానికి ఆవిడ ఉండదు. 'శాశ్వతం' అనే పేరు నమ్మి మన ఫోన్లలో కాపీలు డిలీట్ చేసుకుంటే ఏం మిగులుతుంది?

కొంతమంది అంటారు, "పేరుదేముంది, డెఫినిషన్ చదువుకోవాలి, అన్ని సబ్జెక్టుల్లోనూ ఇలాంటివి ఉంటాయి" అని. నిజమే. ఆటమ్ అంటే విడగొట్టలేనిది అని అర్థం, విడగొట్టారు, పేరు అలాగే ఉంది. కొత్త సబ్జెక్టులో కొత్త వస్తువుకి పాత మాట అరువు తెచ్చుకోక తప్పదు, అది కూడా ఒప్పుకుంటా. కానీ ఆటమ్ పేరు చూసి ఎవరూ ఆరు వేలు పోగొట్టుకోరు. ఇక్కడ పేరే ప్రకటన బోర్డు. అందులోనూ డెఫినిషన్ సరిచేసి చెప్పేవాళ్లు ఉన్నవాళ్లకీ, లేనివాళ్లకీ నష్టం ఒకటి కాదు.

మంచి పేర్లు పెట్టడం చేతకాని పని కూడా కాదు. 'గాసిప్ ప్రోటోకాల్' అని ఒకటుంది. ప్రతి కంప్యూటరూ తనకి తెలిసింది పక్కన ఒకరిద్దరికి చెప్తుంది, వాళ్లు ఇంకొకరిద్దరికి. మైకు పట్టుకుని చాటింపు వేసేవాడు లేకుండానే కాసేపటికి అందరికీ తెలిసిపోతుంది. వారం సంతలో కబురు ఎలా పాకుతుందో అలాగే. ఆ పేరు విన్న రోజే నాకు అర్థమైంది, మళ్లీ చదవాల్సిన పని రాలేదు. పేరు నిజం చెప్తే మనం ఎవరికీ తీసిపోము అనడానికి ఇదే రుజువు.

నేను అడిగేది ఇంగ్లీష్ పేర్లు మానేయమని కాదు. పరీక్షలో, ఇంటర్వ్యూలో అవే కావాలి. ఒక కొత్త పేరు వినగానే మూడు ప్రశ్నలు వేయండి అంటున్నా. ఒకటి, కాపీ ఎవరి దగ్గర ఉంది? రెండు, దీన్ని ఆపగలిగేది, మార్చగలిగేది ఎవరు? మూడు, పోతే ఎవరిని అడగాలి? ఈ మూడింటికి జవాబు రాకపోతే ఆ పేరు మీకు ఇంకా అర్థం కాలేదని. అందులో డబ్బు పెట్టమని ఎవరైనా అంటే, జవాబు వచ్చేదాకా పెట్టకండి.

రెండోది, జూనియర్లకి చెప్పేటప్పుడు ప్రతి పేరు పక్కన ఒక వాక్యం రాద్దాం. కొత్త తెలుగు పదం కాదు, ఒక మామూలు వాక్యం. 'మైనింగ్: పద్దులో కొత్త పేజీ రాసే పోటీ.' 'వాలెట్: తాళాల గుత్తి, డబ్బు ఇందులో ఉండదు.' 'పార్టిషన్: సిగ్నల్ పోవడం.' 'పిన్: ఫైలు పోకుండా ఒకరు పట్టుకుని ఉండడం.' కోయ, సవర, కువి, గోండి, లంబాడీ, ఎవరి ఇంటి భాషలో వాళ్లు అదే వాక్యం చెప్పి చూడండి. ఇంట్లో అమ్మకి అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు వచ్చినట్టే. నేను పది పేర్లు రాసిపెట్టాను, మీరు ఒక్కొక్కరు రెండు కలపండి, వచ్చే సెమిస్టర్ జూనియర్లు వచ్చేలోపు వంద అవుతాయి. నేను రాసినదాంట్లో తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పండి, దిద్దుకుంటా.

నాన్నమ్మకి మళ్లీ ఫోన్ చేసినప్పుడు చెప్పాను, నువ్వు అడిగినదాని మీద ఇంత పెద్ద పోస్ట్ రాస్తున్నా అని. "నేనేటి అడిగాన్రా, ఏ కొండ, ఎవరిది అన్నాను, అంతే కదా" అంది. అంతే నాన్నమ్మా. మాకు నాలుగేళ్లు పట్టింది.

జోహార్.